జాగ్రత్తగా వాడిన ఫోనే ఎందుకు పగిలింది? రిపేరు బల్ల దగ్గర్నుంచి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 26 వేలు పెట్టి ఫోన్ కొన్నారు. కొన్న రోజే పౌచ్, టెంపర్డ్ గ్లాస్ వేయించారు. ఏడాదిన్నర పాటు ఎంతో భద్రంగా వాడారు. మొన్న మంచం మీంచి జారి టైల్స్ మీద పడితే డిస్‌ప్లే మూల నుంచి చీలిపోయింది. మీ తమ్ముడు మాత్రం ఏ కవరూ లేకుండా మూడేళ్లుగా ఎక్కడ పడితే అక్కడ పడేస్తూ వాడుతున్నాడు, వాడి ఫోన్‌కి ఏమీ కాలేదు. "ఇప్పటి ఫోన్లు కావాలనే పగిలేలా చేస్తున్నారా? జాగ్రత్త పడటం దండగేనా? నోకియా రోజులే నయం కదా?" అని అడిగారు.

నాది విజయవాడ గవర్నర్‌పేటలో సెల్ సర్వీస్ షాపు. కీప్యాడ్ ఫోన్ల కాలం నుంచీ ఇదే పని. సూటిగా చెప్తాను. పగలాలని ఎవరూ తయారు చేయరు. కాకపోతే పగలకుండా ఉండాలన్నది కంపెనీల లిస్టులో మొదటి వరసలో లేదు. సన్నగా ఉండాలి, మెరవాలి, స్క్రీన్ అంచుల దాకా రావాలి, ముందు ఇవి. షోరూంలో మనం చూసి ముచ్చటపడేదీ వీటినే కాబట్టి తప్పంతా వాళ్ల మీదే వేయలేం. జాగ్రత్త దండగ కాదు. కానీ మనవాళ్లు జాగ్రత్తంతా గీతలు పడకుండా చూడటానికే ఖర్చు పెట్టేసి, ఫోన్‌ని నిజంగా చంపే వేడిని, చెమ్మని, చార్జింగ్ పిన్‌ని గాలికొదిలేస్తారు. ఇక మన్నికైన ఫోన్ అంటే నా లెక్కలో పగలని ఫోన్ కాదు, పగిలితే తక్కువ డబ్బుతో బాగయ్యే ఫోన్. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు నోకియా సంగతి. 3310 వచ్చింది 2000లో, టార్చిలైటు 1100 వచ్చింది 2003లో. 1100 ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది, మన ఊళ్లలో ఇది లేని ఇల్లు లేదన్నంతగా నడిచింది. అవి కింద పడితే వెనక మూత ఒక పక్కకి, బ్యాటరీ ఒక పక్కకి ఎగిరిపోయేవి. అందరం నవ్వుకుంటూ ఏరుకుని మళ్లీ బిగించేవాళ్లం. దెబ్బ తాలూకు బలం అలా విడిపోవడంలోనే సగం ఖర్చయిపోయేది. స్క్రీన్ అగ్గిపెట్టెంత, దాని మీద ప్లాస్టిక్ అద్దం. ఆ ప్లాస్టిక్ నిండా గీతలే, అయినా ఎవరికీ పట్టేది కాదు. బాడీ పాతబడితే కొత్త ప్యానెల్ వేయించుకుని వెళ్లిపోయేవారు.

ఇప్పటి ఫోన్‌లో ముందు వైపంతా గాజే. చాలా వాటికి వెనకా గాజే. వెనక గాజు ఎందుకంటే కొంత అందం కోసం, కొంత అవసరం. రేకు బాడీలోంచి వైర్‌లెస్ చార్జింగ్ పని చేయదు, సిగ్నల్‌కీ అడ్డం. ప్లాస్టిక్ అయితే ఈ రెండింటికీ అడ్డు రాదు, పగలదు కూడా. అయినా 30 వేల ఫోన్‌కి ప్లాస్టిక్ వెనక భాగం ఇస్తే "చీప్‌గా ఉంది" అని రివ్యూల్లో చీల్చి చెండాడతారు. నన్నడిగితే ప్లాస్టిక్ వెనక భాగం ఉన్న ఫోనే మంచిది.

2015లో మోటరోలా పగలని స్క్రీన్‌తో ఒక ఫోన్ తెచ్చింది, మోటో ఎక్స్ ఫోర్స్. పైన గాజుకు బదులు ప్లాస్టిక్ పొరలు. కింద పడితే నిజంగానే పగిలేది కాదు, కానీ గీతలు తొందరగా పడేవి. ఆ దారిలో పరిశ్రమ ముందుకు పోలేదు, మళ్లీ అందరూ గాజుకే వచ్చారు. గీత పడకూడదా, పగలకూడదా అంటే చాలామంది గీత పడకూడదనే అంటారు. నా బల్ల ముందు రోజూ వినే మాట ఇదే.

గాజు ఎలా పగులుతుందో తెలిస్తే మీ ప్రశ్నలో సగం తేలిపోతుంది. ఫోన్ స్క్రీన్ల మీద వేసే గొరిల్లా గ్లాస్ లాంటివి మామూలు గాజు కావు. కరిగించిన పొటాషియం ఉప్పులో, 400 డిగ్రీల వేడి దగ్గర నానబెడతారు. గాజు పైపొరలో ఉన్న చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి జాగాలో పెద్ద పొటాషియం అయాన్లు దూరతాయి. దాంతో పైపొర ఎప్పుడూ లోపలికి ఒత్తుకుని ఉంటుంది, చిన్న బీట పడినా అది విచ్చుకోనివ్వదు. ఇదంతా చాలా పలచని పొర. బీట ఆ పొర దాటి లోతుకి వెళ్లిందా, ఇక ఆ గాజుకి బలం లేనట్టే.

మరి ఆ లోతు బీటలు ఎలా పడతాయి? తాళాల వల్ల అనుకుంటారు. తాళం చెవులు ఇత్తడివి, ఇనుపవి, అవి సాధారణంగా ఈ గాజుని గీయలేవు. ఇసుక గీస్తుంది. గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ లెక్కలో ఫోన్ గాజు 6 దగ్గర, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. జేబు మూలల్లో, హ్యాండ్‌బ్యాగ్ అడుగున ఉండే మట్టిలో ఆ రేణువులు ఉండనే ఉంటాయి. ఇల్లు కట్టేవాళ్ల ఫోన్లు, టైల్స్ మేస్త్రీల ఫోన్లు మా దగ్గరికి వస్తే స్క్రీన్ చూసే పని చెప్పేయొచ్చు.

అందుకే కొన్న కొత్తలో నిలువెత్తు నుంచి పడినా ఏమీ కాని ఫోన్, ఏడాది తర్వాత మంచం ఎత్తు నుంచి పడి పగులుతుంది. ఎత్తు కన్నా ఎలా పడింది, దేని మీద పడింది అన్నదే ముఖ్యం. బల్లపరుపుగా పడితే దెబ్బ అంతటా పంచుకుంటుంది. మూల మీద పడితే మొత్తం బలం ఒక్క చుక్క మీద పడుతుంది. అక్కడ ముందే ఒక బీట ఉందా, అయిపోయింది. మీ ఫోన్‌కి జరిగింది అచ్చంగా ఇదే. మీ తమ్ముడి ఫోన్ మోడల్ చెప్పలేదు కానీ, నా అంచనా అది తేలికైన, ప్లాస్టిక్ వెనక భాగం ఉన్న, స్క్రీన్ చుట్టూ కాస్త మందంగా అంచున్న ఫోన్ అయి ఉంటుంది. కొంత అదృష్టం కూడా లెండి.

పౌచ్ వేసుకున్నా పగిలిందని బాధపడుతున్నారు. మీ పౌచ్ ఏడాదిన్నర నాటిది. ఆ మెత్తటి పారదర్శక పౌచ్‌లు కొన్నాళ్లకి పసుపెక్కి సాగిపోతాయి, మూలల దగ్గర వదులవుతాయి. మూల పట్టు పోయాక అది ఉన్నా లేనట్టే. కొనేటప్పుడు రెండే చూడండి. స్క్రీన్ కన్నా అంచు కొద్దిగా పైకి ఉందా, నాలుగు మూలల్లో ఉబ్బెత్తుగా గాలి ఖాళీ ఉందా. మిగతాది రంగుల హంగు. ఇంకో మాట, పౌచ్‌కీ ఫోన్‌కీ మధ్య మట్టి చేరుతుంది. వారానికోసారి తీసి తుడవకపోతే ఆ పౌచే ఫోన్ బాడీని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది.

టెంపర్డ్ గ్లాస్ వేయించండి, వద్దనను. గీతలు అది తింటుంది, ఎదురుగా తగిలే దెబ్బని కూడా కొంత ఆపుతుంది. మూల మీద దెబ్బకి మాత్రం పనికిరాదు. అంచు పగిలిన టెంపర్‌ని "ఇంకొన్నాళ్లు లాగుదాం" అని ఉంచకండి. వంపు తిరిగిన డిస్‌ప్లేలకి వేసే జిగురు గ్లాస్ ఉంటుంది చూశారూ, చుక్కలు చుక్కలుగా జిగురు పోసి నీలం లైటు కింద గట్టిపరుస్తారు, దానితో కొంచెం జాగ్రత్త. వేసేవాడు చేయి తిరిగినవాడు కాకపోతే ఆ జిగురు ఇయర్ స్పీకర్లోకి, పక్క బటన్లలోకి కారి గడ్డకడుతుంది. స్క్రీన్ కాపాడబోయి స్పీకర్ పోగొట్టుకున్నవాళ్లు మాకు తరచూ తగులుతుంటారు.

"మిలిటరీ గ్రేడ్" అని డబ్బా మీద రాస్తే మోసపోకండి. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా సైన్యం పరీక్షా పద్ధతి. అందులో పడేసే పరీక్ష 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, 26 సార్లు, ప్లైవుడ్ మీద. ఆ 26 సార్లూ ఒకే ముక్క పడాలని లేదు, ఐదు ముక్కల దాకా పంచుకోవచ్చు. సైన్యం వాళ్లు వచ్చి ముద్ర వేయరు, కంపెనీయే చేసుకుని చెప్పుకుంటుంది. మన ఇళ్లలో ఉండేది ప్లైవుడ్ కాదు కదా, విట్రిఫైడ్ టైల్స్.

దుమ్ము, నీళ్లు ఎంతవరకు ఆపుతుందో చెప్పే ఐపీ68 ముద్ర అయితే అబద్ధం కాదు, కానీ జనం అర్థం చేసుకునేది వేరు. 6 అంటే దుమ్ము దూరదు. 8 అంటే ఒక మీటరు కన్నా లోతు మంచినీళ్లలో, కంపెనీ చెప్పినంత సేపు. అదీ కొత్త ఫోన్, కదలని నీళ్లు. సముద్రపు నీళ్లు, సబ్బు నీళ్లు, స్విమ్మింగ్ పూల్ నీళ్లు ఆ లెక్కలో లేవు. నీళ్లు ఆపేది లోపలున్న జిగురు, రబ్బరు. అవి ఏడాదికేడాది బిగువు తగ్గుతాయి. ఒకసారి ఫోన్ గట్టిగా పడి ఫ్రేమ్ కాస్త వంగినా, ఒకసారి బయట విప్పినా ఆ రక్షణ మీద ఆశ వదిలేసుకోవాలి. రుషికొండ బీచ్‌లో "వాటర్‌ప్రూఫే కదా" అని నీళ్లలో ఫొటోలు దిగి వచ్చినవాళ్లున్నారు. వారంటీకి పోతే సిమ్ స్లాట్‌లోకి లైటు వేసి చూస్తారు. అక్కడ తెల్లగా ఉండాల్సిన చిన్న స్టిక్కరు ఎర్రబడితే నీళ్లు తగిలినట్టు. ఐపీ68 ఫోన్ అయినా సరే, నీటి దెబ్బకి మామూలు వారంటీ ఇవ్వరు.

ఇక అసలు చంపేవి.

వేడి. ఐఫోన్ వాడాల్సిన ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు అని ఆపిల్ వాళ్లే రాస్తారు. బెజవాడలో మే నెల మధ్యాహ్నం 40 దాటుతుంది. ఆ ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. లిథియం బ్యాటరీ నిండుగా చార్జయి ఉండి, పైగా వేడెక్కితే తొందరగా ముసలిదవుతుంది, లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది. వేసవి చివరికి మా దగ్గరికి వచ్చే ఉబ్బిన బ్యాటరీల్లో ఎక్కువ కారులో మ్యాప్ పెట్టుకుని చార్జింగ్‌లో ఉంచినవి, తలగడ కింద రాత్రంతా చార్జింగ్ పెట్టినవి. పౌచ్ బిగువుగా ఉంటే వెనక ఉబ్బు కనపడదు. ముందు డిస్‌ప్లే ఒక పక్క లేచి, ఆ సందులోంచి వెలుతురు కనిపించాక గానీ తెలియదు. నెలకోసారి పౌచ్ తీసి, ఫోన్‌ని అద్దం లాంటి చదును మీద పెట్టి చూడండి. ఊగుతుంటే వెంటనే వాడకం ఆపేసి షాపుకి తీసుకెళ్లండి. దాన్ని నొక్కి సరిచేయాలని చూడొద్దు. పౌచ్ వెనక ఏటీఎం కార్డు, వంద నోట్లు, దేవుడి పటం పెట్టుకునే అలవాటు కూడా మంచిది కాదు, వేడి బయటికి పోదు. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది, ఆన్ చేసుకోండి.

చెమ్మ. బకెట్లో పడిన ఫోన్ కన్నా చెమట తాగిన ఫోన్లు ఎక్కువ వస్తాయి. ఆడవాళ్లు జాకెట్లో పెట్టుకుంటారు, మగవాళ్లు వంటగదిలోనో పొలంలోనో తడి చొక్కా జేబులో పెట్టుకుంటారు. చెమటలో ఉప్పుంటుంది. అది స్పీకర్ జాలీలో, మైకులో, చార్జింగ్ పిన్‌లో పచ్చగా చిలుము పట్టిస్తుంది. కాకినాడ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చే ఫోన్లలో ఈ చిలుము ఎక్కువ కనిపిస్తుంది, సముద్రపు గాలి కదా.

నీళ్లలో పడితే చేయాల్సింది ఒక్కటే: వెంటనే స్విచాఫ్. ఆన్ అవుతుందో లేదో చూద్దామని ఆన్ చేయకండి. చార్జింగ్ అసలే పెట్టకండి. నీళ్లు ఒక్కటే అయితే బోర్డు చాలాసార్లు బతుకుతుంది, నీళ్లతో పాటు కరెంటు పారితే షార్ట్ అవుతుంది, బోర్డు మీది భాగాల కాళ్లు తినేస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టడం ఆపేయండి దయచేసి. 2024లో ఆపిల్ కూడా వద్దని రాసింది. బియ్యం బోర్డు మీది తడిని లాగదు, తవుడు పిండి మాత్రం పిన్‌లోకి పోతుంది. రెండు రోజులు బియ్యంలో ఉంచి తెచ్చేసరికి మేము కాపాడగలిగిన బోర్డు కూడా చిలుముతో పోతుంది. అదే రోజు తెస్తే విప్పి, ఐపీఏతో (తొందరగా ఆవిరైపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో) కడిగి, ఆరబెట్టి బతికించే అవకాశం ఉంటుంది.

చార్జింగ్ పిన్. "చార్జింగ్ ఎక్కట్లేదు, బ్యాటరీ మార్చాలేమో" అని వస్తారు. టార్చి వేసి చూస్తే పిన్‌లో జేబు దూది గట్టిగా కూరుకుని ఉంటుంది. ఫోన్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా గీకి తీస్తే సరిపోతుంది. సూది, పిన్నీసు మాత్రం వద్దు. టైలర్లు, రైస్ మిల్లులో పని చేసేవాళ్లు ఇది నెలనెలా చేసుకోవాలి. చార్జింగ్‌లో ఉండగా కేబుల్ వంచి గేమ్ ఆడే పిల్లలుంటే పిన్ వదులైపోవడం ఖాయం.

బైకు హ్యాండిల్‌కి ఫోన్ బిగించే డెలివరీ కుర్రాళ్లకి ఇంకో సమస్య. ఇంజిన్ అదురుకి కెమెరా లోపల బొమ్మ కదలకుండా ఆపే మెకానిజం దెబ్బతింటుంది. ఆపిల్ 2021లోనే ఈ హెచ్చరిక ఇచ్చింది. కెమెరా తెరవగానే బొమ్మ వణుకుతూ, లోపల్నుంచి టకటకమని శబ్దం వస్తే అదే. అదురు తగ్గించే రబ్బరు మౌంట్ వాడితే కొంత నయం.

మడత ఫోన్ల గురించి మీరు అడగలేదు కానీ ఒక్క ముక్క. లోపలి స్క్రీన్ మీది పొరని స్క్రీన్ గార్డు అనుకుని పీకకండి. 2019లో మొదటి గెలాక్సీ ఫోల్డ్ అమ్మకానికి రాకముందే, రివ్యూ చేసేవాళ్లలో కొందరు ఆ పొర పీకేసి స్క్రీన్లు పాడు చేసుకున్నారు. శామ్‌సంగ్ విడుదలే వాయిదా వేసింది. గోరు గట్టిగా నొక్కినా గుర్తు పడే స్క్రీన్ అది.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకి వస్తాను. ఫోన్ కొనేముందు దాని డిస్‌ప్లే ఎంతో అడగండి. షోరూంలో కాదు, సర్వీస్ సెంటర్లో. చాలా కంపెనీలు విడిభాగాల ధరలు సైట్లోనే పెడతాయి. అంచులు వంగిన అమోలెడ్ డిస్‌ప్లే అయితే ఒక్కోసారి ఫోన్ ధరలో మూడో వంతు, సగం దాకా అడుగుతారు. చదునైన డిస్‌ప్లే ఉన్న ఫోన్‌కి ఆ ఖర్చు చాలా తక్కువ, టెంపర్ కూడా సరిగ్గా కూర్చుంటుంది. చేయి జారే అలవాటున్నవాళ్లు వంపు డిస్‌ప్లే జోలికి పోవద్దనే నా సలహా. కొన్ని మోడళ్లకి రెండేళ్లు తిరక్కుండానే ఒరిజినల్ భాగాలు దొరకవు. అప్పుడు డూప్లికేట్ ఫోల్డరే (గాజు, డిస్‌ప్లే కలిపి ఉండే సెట్టే) గతి. వెలుతురు తక్కువ, బ్యాటరీ ఎక్కువ తింటుంది, డిస్‌ప్లే లోపల వేలిముద్ర ఉంటే అదీ పని చేయకపోవచ్చు.

ఐరోపా యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి దీనికి చట్టమే ఉంది. బ్యాటరీ 800 సార్లు చార్జయ్యాక కూడా 80 శాతం సత్తా ఉండాలి. మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. కింద పడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరు ఎంత సులువు అనేవి గ్రేడులుగా లేబుల్ మీద వేయాలి. మన ఏసీ, ఫ్రిజ్‌ల మీద నక్షత్రాలు వేసినట్టే. మన దేశంలో కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్లో "రైట్ టు రిపేర్" పోర్టల్ పెట్టింది. ఏ కంపెనీ సర్వీస్, వారంటీ వివరాలు ఎక్కడున్నాయో అక్కడ దొరుకుతాయి. మీరు చూస్తున్న మోడల్ ఐరోపాలో కూడా అమ్ముతుంటే దాని లేబుల్ వెతికి చూడండి. ఏ యూట్యూబ్ రివ్యూ కన్నా అది నయం.

చివరగా మీ ఫోన్. టచ్ మొత్తం పని చేస్తోంది, నల్ల మచ్చలు గానీ గీతలు గానీ లేవు అని రాశారు. అంటే పగిలింది పైగాజు ఒక్కటే, లోపల బొమ్మ చూపించే ప్యానెల్ బాగుంది. ఫోల్డర్ మొత్తం మార్చక్కర్లేదు. ఓసీఏ మెషీన్ (పారదర్శక జిగురు పొరతో గాజు అతికించే మెషీన్) ఉన్న షాపులో గాజు మాత్రం విడదీసి కొత్తది అతికిస్తారు, ఖర్చు చాలా తగ్గుతుంది. విడదీసేటప్పుడు ప్యానెల్ పోయే ప్రమాదం ఎంతో కొంత ఉంటుంది కాబట్టి, పోతే ఎవరిది బాధ్యతో ముందే మాట్లాడుకోండి. ఈలోపు పగులు మీద పారదర్శక టేపు అంటించి వాడండి, లేకపోతే చెమ్మ లోపలికి పోయి పచ్చ గీత పడుతుంది. ఫొటోలు, వాట్సాప్ ఈ రాత్రికే బ్యాకప్ తీసుకోండి. ఫ్రేమ్ మూల వంగిందేమో చూడమని అడగండి. వంగిన ఫ్రేమ్‌లో కొత్త గాజు కూర్చోబెడితే ఏమీ తగలకుండానే మళ్లీ అక్కడే పగులుతుంది. ఒకవేళ ఫోల్డర్ మొత్తం మార్చాల్సిందే అని షాపువాడు అంటే, పాతది మీకు తిరిగివ్వమనండి, లేదా దాని ధర తగ్గించమనండి. ప్యానెల్ బాగున్న పగిలిన ఒరిజినల్ ఫోల్డర్‌ని మా లైన్లో డబ్బిచ్చి కొనుక్కుంటారు. చాలామంది కస్టమర్లు అది చెత్త అనుకుని బల్ల మీదే వదిలేసి వెళ్తారు.